భయపడే మనిషి

మా కోడలు కుందన మొట్టమొదట బల్లికి భయపడడం మానేసింది. తరవాత కరెంటుకి. ఆ తరవాత నాకు. ఈ వరసలో బల్లి తరవాత ఎక్కడో నేనుండడం కాస్త చిన్నతనంగా అనిపించింది గాని, ఉన్నమాట చెప్పాలంటే భయపడని కోడలు ఇంట్లో ఉంటే అత్తగారికి బోలెడంత పని తగ్గుతుంది. అంతకు ముందు "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే "మీకెలా ఉందండీ?" అనేది. నాకెలా ఉందో తెలిస్తే నేనెందుకు అడుగుతాను? అప్పట్నుంచి మాత్రం "ఎక్కువైందండీ, నీళ్ళు పొయ్యండి" అనేది. పోసేదాన్ని.

మాది కడియం పక్కన నర్సరీ. గులాబీలు, క్రోటన్లు, మామిడి అంట్లు. మా ఆయన సూరిబాబుగారు మొక్కలతో మాట్లాడతారు, మనుషులతో బేరమాడతారు. మా అబ్బాయి దిలీప్ మొక్కల లోడుతో బెంగుళూరు, హైదరాబాదు తిరుగుతుంటాడు. నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ఆ చదువు ఇన్నాళ్ళూ బొద్దింకల విషయంలో తప్ప పనికి రాలేదు. కాలేజీలో వాటిని కోశాను, ఇంట్లో చీపురుతో కొడుతున్నాను.

అలాంటి చదువుకి పని కల్పించింది మా ఆడపడుచు ఇందుమతి. రాజమండ్రి శివార్లలో ఒక పరిశోధనశాలలో ఆమె శాస్త్రవేత్త. రెండేళ్ళ కిందట ఒక రోజు పొద్దున్నే ఐసు పెట్టె పట్టుకుని దిగింది.

"వదినా, మీ తోటలో పిల్లులెన్ని?" అంది, చెప్పులైనా విప్పకుండా.

"మనుషుల క్షేమం అడగవా?"

"అందుకే పిల్లుల్ని అడుగుతున్నాను."

విషయమేమిటంటే, చుట్టుపక్కల నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళలో చాలామంది రక్తంలో టాక్సోప్లాస్మా జాడ కనిపించింది. కంటికి కనపడని జీవి. పిల్లి పేగుల్లో పెరుగుతుంది, దాని మలంతో మట్టిలోకి దిగుతుంది. మామూలు మనిషికి చిన్న జ్వరం లాంటిది వచ్చి పోతుంది, కొందరికి అదీ రాదు. కడుపుతో ఉన్నప్పుడు మొదటిసారి సోకితేనే గొడవంతా. తల్లిని వదిలేసి బిడ్డ మీద పడుతుంది. కళ్ళూ మెదడూ దానికి ఇష్టమైన చోట్లు. మా పక్క తోట సత్తెమ్మ పెద్దకోడలికి పుట్టిన పిల్లకి చూపు లేదు. ఏ గ్రహణం నాడో కత్తిపీట ముట్టుకుందని ఊరంతా తేల్చేసింది.

ఇందుమతి మాత్రం తేల్చకుండా ఇల్లిల్లూ తిరిగింది. పచ్చి మాంసం ముడతారా, సగం ఉడికింది తింటారా, కూరగాయలు కడుగుతారా, బోరు నీళ్ళు కాచుకుంటారా అని ప్రశ్నలు. మా ఇంట్లో మాంసం పీచులు పీచులుగా విడిపోయేదాకా ఉడకకపోతే మా ఆయన గిన్నెతో సహా పొయ్యి మీదికి వెనక్కి పంపుతారు. ఆకుకూర నేను మూడు నీళ్ళు పోసి కడుగుతాను. పిల్లుల్ని ఎలుకల కోసం పెంచుతామే గాని ఒళ్ళో కూర్చోబెట్టుకోం. నర్సరీలో పుట్టి పెరిగిన కుందన రక్తంలో దాని జాడ లేకపోవడం మరీ వింత. మిగతా ఇళ్ళలోనూ ఇవే జవాబులు. మరి ఆ జీవి నోట్లోకి ఎలా పోతోందో అర్థం కాక ఇందుమతి షెడ్డులో బల్ల మీద కూలబడింది.

అక్కడ కుందన మామిడి అంట్లు కడుతోంది. ఒక చేత్తో టెంక మొక్క, ఇంకో చేత్తో మంచి రకం కొమ్మ. రెండూ ఏటవాలుగా కోసి, ఒకదానికొకటి ఆనించి, ప్లాస్టిక్ రిబ్బనుతో బిగించాలి. రెండు చేతులూ పనిలో ఉంటాయి కనక రిబ్బను పళ్ళ మధ్య ఉంటుంది. ఈ పని చేసే వాళ్ళందరికీ పళ్ళే మూడో చెయ్యి. ఆ రిబ్బన్లు ఉండేది ఎర్రమట్టి, పేడ గెత్తం కుప్పల పక్కన ఒక గంపలో. ఆ గంపలోనే మా తెల్లపిల్లి పడుకుని ఉంది.

ఇందుమతి పిల్లినీ, గంపనీ, కోడలి పళ్ళనీ మార్చి మార్చి చూసింది. "దొరికింది," అంది నెమ్మదిగా.

"నోట్లో పెట్టకండమ్మా" అని అందరికీ చెప్పాం. అందరూ సరేనన్నారు. అంటూ ఉండగానే పెట్టుకున్నారు. చేతికి అలవాటైన పని మాటకి లొంగదు. అందుకే ఇందుమతి తన ఐసు పెట్టె తెరిచింది.

"ఇది అదే జీవి వదినా. కాకపోతే మచ్చిక చేశాను. ముందే ఒంట్లోకి పోయి ఒక మూల కూర్చుంటుంది. బిడ్డ జోలికి పోదు. బయట నుంచి అడవి రకం వస్తే రానివ్వదు."

"అంటే రౌడీని కాపలా పెట్టడమా?"

"రౌడీ కాదు, రౌడీ తమ్ముడు. చదువుకున్నవాడు."

ఇలాంటి ప్రయోగాల మంచిచెడ్డలు చూసే పెద్దల సంఘం అనుమతి ఇచ్చింది. ఇష్టపడ్డ ఆడవాళ్ళు కడుపు రాకముందే ఆ మందు చుక్కలు నోట్లో వేసుకున్నారు. వాళ్ళలో మా కుందన ఒకతి. నారింజ రుచి. కొన్నాళ్ళకి, అందరికన్నా ముందు, మా పిల్లకే నెల తప్పింది. నాలుగో నెల నుంచి, ఇదిగో, బల్లి మొదలుకొని నా దాకా వచ్చింది.

మొదట్లో మేం దాన్ని వరంగానే తీసుకున్నాం. బెంగుళూరు వ్యాపారి ఒకాయన ఏటా వచ్చి, ఆకులు ముడుచుకున్నాయని వంక పెట్టి ధర తగ్గిస్తాడు. ఈసారి కుందన అతని మొహంలోకి చూసి, "ఆకులు బానే ఉన్నాయండీ. మీ చెయ్యే ముడుచుకుంది," అంది. మా ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. వ్యాపారి నవ్వేసి అడిగినంతా ఇచ్చి వెళ్ళాడు.

సాయంత్రం మా ఆయన నన్ను పెరట్లోకి పిలిచారు. "ఏవే, మన కుందనకి ఎవరన్నా ఏవన్నా పెట్టారంటావా?"

"ధైర్యం పెట్టినట్టున్నారండీ."

"అలాటిది పెట్టేవోళ్ళు మనూళ్ళో ఎవరున్నారే?" అన్నారాయన, నిజంగానే ఆలోచిస్తూ.

అది ఎవరో నాకు ఇందుమతి ఫోను చేసిన రోజు తెలిసింది. "వదినా, ఒక్కదానివే రా," అంది.

ప్రయోగశాలలో ఒక అద్దాల పెట్టె. ఒక మూల, పిల్లి పడుకుని లేచిన గుడ్డ పీలిక. మామూలు ఎలుకల్ని వదిలితే అవి ఆ వాసనకి రెండో మూలకి పోయి ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. తరవాత, చుక్కలు వేసిన కడుపుతో ఉన్న ఎలుకని వదిలింది. అది తిన్నగా గుడ్డ మీదికి వెళ్ళి, హాయిగా కూర్చుని మీసాలు తుడుచుకుంది.

"అడవి రకం సోకినా ఎలుకలు ఇలాగే చేస్తాయి," అంది ఇందుమతి. "పిల్లి వాటిని తింటేనే కదా దీనికి మళ్ళీ పిల్లి కడుపు దొరికేది. ఆ గుణం తీసేశాననుకున్నాను. కడుపుతో లేని ఎలుకల్లో పోయింది. కడుపుతో ఉంటేనే మళ్ళీ వస్తోంది."

"మరి కడుపుతో ఉన్న వాటి మీద ముందు చూడలేదా?"

"చూశాం. పిల్లల కళ్ళు చూశాం, మెదళ్ళు చూశాం. అన్నీ బావున్నాయి." పెట్టె మూత వేసింది. "తల్లిని చూడలేదు వదినా."

"అదేం కొత్త కాదులే," అన్నాను. ఓదార్పుగానే అన్నాను గాని అలా వినపడలేదు.

దాన్ని తీసేసే మాత్రలున్నాయి. వేసుకుంటే భయం తిరిగి వస్తుంది, కాపలా పోతుంది. కడుపులో బిడ్డకి ఐదో నెల, చుట్టూ మట్టి, పిల్లులు. పని మానిపించి పుట్టింటికి పంపుదామంటే వాళ్ళదీ నర్సరీయే. వేసుకోకపోతే బిడ్డ భద్రం, తల్లికి భయం ఉండదు. ఏది కావాలో చెప్పాల్సింది కుందన.

అడిగాం. వంకాయలు తరుగుతూ వింది. "బిడ్డకి కాపలా ఉందిగా, చాలండీ. నాకు భయం లేకపోతే ఏం కొంప మునిగింది?"

ఇందుమతి తల పట్టుకుంది. "ఆ మాట భయం ఉన్న మనిషి చెప్పాలి కుందనా. లేని మనిషి ఒప్పుకుంటే అది ఒప్పుకున్నట్టా, కానట్టా నాకే తెలీడం లేదు."

"అయితే ఎవర్ని అడుగుతారు పిన్నిగారూ? ఆయన్నా? కాలికి ముల్లు గుచ్చుకుంటే కళ్ళు తిరిగి పడిపోతారు."

దిలీప్ అక్కడే ఉన్నాడు. కాదనలేదు.

నేను కల్పించుకున్నాను. "మాత్రలు వద్దంటే వద్దు. కానీ నీ బదులు నేను భయపడతాను. నేను భయపడి ఆగమన్న చోట నువ్వు ఆగాలి."

కుందన నన్ను ఎగాదిగా చూసింది. "మీరు చేయగలరండీ. మీకు బాగా వచ్చు," అంది.

అలా నాకు ఇంట్లో కొత్త ఉద్యోగం వచ్చింది. జీతం లేదు, అది అలవాటే. స్నానాల గదిలో నాచు, మోటారు స్విచ్చి, నిచ్చెన, పక్క తోట కుక్క, అన్నిటికీ రోజంతా వణుకుతూ తిరిగేదాన్ని. ఆ పిల్ల నన్ను ఆటపట్టించేది. "అత్తయ్యగారండీ, మెట్లు దిగుతున్నాను, మీరు కానివ్వండి!" అని మేడ మీద నుంచి అరిచేది. నేను చేతిలో పిండి దులుపుకుని వెళ్ళి భయపడి వచ్చేదాన్ని. నవ్వుకునేవాళ్ళం. అత్తా కోడళ్ళం అంత నవ్వుకోవడం మా వీధిలో మంచి పేరు కాదు.

ఎనిమిదో నెల చివర్లో ఒక మధ్యాహ్నం, అన్నానికి పిలుద్దామని షెడ్డుకి వెళ్ళాను. కుందన అంటు కడుతోంది, ఎడమ కన్ను గట్టిగా మూసుకుని.

"కంట్లో నలుసు పడిందా?"

"లేదండీ. కొమ్మలు రెండేసి కనిపిస్తున్నాయి. ఒక కన్ను మూస్తే ఒకటే కనిపిస్తోంది. పని నడుస్తోంది," అంది ఎంతో తృప్తిగా.

పాదాలు చూశాను. చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగిపోయి ఉన్నాయి. ఆ తరవాత కారులో ఎలా ఎక్కించానో నాకు గుర్తు లేదు. నేను అరిచిన అరుపుకి తోటలో మనుషులంతా వచ్చారని మా ఆయన తరవాత చెప్పారు.

రక్తపోటు మీటరు చూసి డాక్టరమ్మ మొహం మారింది. "ఇంకాసేపు ఆగుంటే ఫిట్స్ వచ్చేవి. తలనొప్పి ఎప్పట్నుంచమ్మా?"

"నాలుగు రోజుల్నుంచండీ."

"ఎందుకు చెప్పలేదు?"

"నొప్పే కదండీ. నొప్పిగా ఉంది, అంతే."

ఆపరేషను గది బయట కూర్చుని లెక్క ఎక్కడ తప్పిందో ఆలోచించాను. నేను నిచ్చెనకి భయపడ్డాను, నాచుకి భయపడ్డాను. లోపల పెరిగే దానికి భయపడాలంటే ఎవరైనా చెప్పాలి. నొప్పి తనది, భయం నాది. మధ్యన కబురు మోసేవాళ్ళు లేరు.

బాబు పుట్టాడు. బరువు తక్కువే గాని బావున్నాడు. కళ్ళలోకి దీపం వేసి చూసి, ఏ మచ్చా లేదన్నారు. ఒంట్లో అడవి రకం జాడ లేదు. ఇందుమతి వరండాలో గోడకి తిరిగి ఏడ్చింది. గెలిచినందుకో మరెందుకో నేను అడగలేదు. మర్నాడే వెళ్ళి తన చుక్కల్ని తనే ఆపించింది.

కాన్పుతో కుందన భయం దానంతటదే తిరిగొస్తుందనుకున్నాం, రాలేదు. అసలు నష్టం ఏమిటో ఇంటికి వచ్చాక తెలిసింది.

నేను పొయ్యి మీద గోంగూర మగ్గబెడుతున్నాను. గదిలో బాబు దగ్గాడు, పొలమారినట్టుంది. మళ్ళీ దగ్గాడు. ఆ తరవాత చప్పుడు లేదు. గరిటెతో సహా పరిగెత్తాను. వాడు తల్లి ఒళ్ళో ఉన్నాడు, మొహం నల్లబడి ఉంది. కుందన వంగి వాడినే శ్రద్ధగా చూస్తోంది. లాక్కుని, బోర్లా వేసి, వీపు మీద తట్టాను. పాలు కక్కి కేర్ మన్నాడు.

"నీలంగా అయ్యాడండీ," అంది కుందన. "మీరొస్తారనుకున్నాను."

 గరిటె మీది గోంగూర పక్క మీదంతా పడింది. కుందన దాన్నే చూస్తోంది.

"మీరు పరిగెత్తారు," అంది. "నేను కూర్చునే ఉన్నాను. వాడంటే ఇష్టం లేక కాదండీ. చెప్పలేనంత ఇష్టం. ఆ ఇష్టానికి కాళ్ళు రావట్లేదు." బాబు పాదం వేళ్ళతో నిమిరింది. "పిన్నిగారికి ఫోను చెయ్యండి. మాత్రలు వేసుకుంటాను."

సరే అనాలి కదా? నా నోట్లోంచి వచ్చింది వేరే మాట. "బాగా ఆలోచించుకున్నావా?"

"మీరు దేనికి భయపడుతున్నారండీ ఇప్పుడు?" అంది, సూటిగా. భయం లేని మనిషి ముందు అబద్ధమాడ్డం కష్టం. నాకు ఈ పిల్ల పోతుందని బెంగగా ఉందని చెప్పాను.

"నాకూ నేనంటే బావుందండీ," అని నవ్వింది. "కానీ వాడికి ఇంకో అమ్మ లేదు గదా."

మాత్రలు వేసుకున్నన్నాళ్ళూ బాబుకి డబ్బా పాలు పట్టాం. భయం వర్షంలా ఒక్కసారిగా రాలేదు, చెమ్మలా వచ్చింది. ముందు నిద్రలో లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం మొదలెట్టింది. తరవాత తుమ్మితే పరిగెత్తుకు రావడం. ఆ తరవాత ఒక్కసారి కూర్చుని ఏడ్చింది, ఆ నీలం రంగు అప్పుడు కనిపించినట్టుంది తన కళ్ళకి. పట్టుకుని కూర్చున్నాను. వ్యాపారి వస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

"అమ్మయ్య, మన పిల్ల మళ్ళీ మన పిల్లయింది," అన్నారు మా ఆయన.

నేను ఆ రోజు పప్పులో కావాలనే రెండింతలు ఉప్పు వేశాను. ఎలా ఉందని కుందనని అడిగాను. ఒక ముద్ద మింగి, నీళ్ళు తాగి, "మీకెలా ఉందండీ?" అంది. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు డబ్బా మూత బిగించి పెట్టాను. ఆ పప్పు మా ఆయన మారు మాట్లాడకుండా తిన్నారు. ఆయనకెప్పుడూ నాలుగు మెతుకులు దిగాక గాని రుచి తెలీదు.

తరవాత నెలలో ఇందుమతి మా షెడ్డులోనే సమావేశం పెట్టింది. అనుమతి ఇచ్చిన సంఘం వాళ్ళు ఇద్దరు వచ్చారు. చుట్టుపక్కల తోటల ఆడవాళ్ళంతా మొక్కల కవర్ల గుట్టల మీద కూర్చున్నారు. ఇందుమతి ఏదీ దాచలేదు. బిడ్డకి మేలు జరిగిందీ, తల్లికి జరిగిందీ చెప్పి, ఇక చుక్కలు ఇవ్వనంది.

లోవ లేచింది. సత్తెమ్మ చిన్నకోడలు, పెళ్ళయి ఆరు నెలలైంది. "ఇవ్వనంటే ఎలాగండి? మా తోటికోడలి పిల్ల గోడలు తడుముకుంటా తిరుగుతాది, రోజూ చూత్తన్నాను. నా రగతంలో ఆ పురుగు లేదంట. రేపు కడుపొచ్చాక తగులుకుంటే ఎవరిదండి బాద్దెత? నాకు భయం పోతే పోనియ్యండి."

"ఆ మాటే నాకు భయం," అంది ఇందుమతి. సంఘం వాళ్ళు కాగితాల్లోకి చూసుకున్నారు.

అప్పుడు నా పక్కన కదలిక. కుందన లేచి నిలబడింది. అంతమందిలో నోరు విప్పే పిల్ల కాదు. బాబుని ఎంత గట్టిగా పట్టుకుందంటే వాడు ఏడుపు అందుకున్నాడు. నేను చేతులు చాపాను, ఇవ్వలేదు.

"ఇవ్వచ్చండీ," అంది. వెనక వరసకి వినపడలేదని మళ్ళీ అంది. "ఇవ్వచ్చు. ఒక్కరికే ఇవ్వకూడదు. ఇంట్లో భయపడే మనిషి ఒకరుండాలి. ఆవిడకి మీరు అన్నీ నేర్పాలి. ఏ నొప్పికి భయపడాలో, ఏం అడగాలో. మా అత్తయ్యగారికి ఎవరూ నేర్పలేదు. ఆవిడంతట ఆవిడే భయపడ్డారు. అందుకే నేనిక్కడ నిలబడ్డాను."

నేను కవర్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

లోవ చేతులు నలుపుకుంది. "మా అమ్మ లేదండి. మా ఆయన లారీ దిగడు. మా అత్త ఊళ్ళో అందర్నీ హడలగొడతాదిగానీ, ఆవిడ దేనికీ హడలదు. నాకెవరు భయపడతారండి?"

ఆడవాళ్ళు నవ్వారు. సత్తెమ్మ ఒక్క చూపు చూసేసరికి ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.  ఎవరన్నా ఏదన్నా అంటారేమోనని లోవ ఒక్కొక్కరి మొహంలోకీ చూసి, నెమ్మదిగా కూర్చోబోయింది.

"నేను భయపడతాను నీకు," అంది కుందన. సత్తెమ్మ వైపు చూడకుండా లోవనే చూస్తోంది. "రోజూ పొద్దున్నే మీ ఇంటికొస్తాను. తలనొప్పుందా, కళ్ళు మసకేస్తున్నాయా, కాళ్ళు వాచాయా అని అడుగుతాను. లేదంటే నమ్మను, నేనే చూస్తాను. బిడ్డ పుట్టాక కూడా వస్తాను. మీ అత్తగారు గుమ్మంలో నిలబడి తిడతారు, నాకు తెలుసు. ఆవిడంటే నాకు ఇప్పుడు చాలా భయం. అయినా వస్తాను."